చెకప్పా, యాపా, క్యాంటీనా? చెన్నైలో ఆఫీసు ఆరోగ్య పథకం ఎంచుకునే ముందు

నా ఆఫీసు సొరుగులో మూడు ప్లాస్టిక్ ఫైళ్లు ఉన్నాయి. మూడూ కంపెనీ చేయించిన మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టులే. మొదటి ఏడాది, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బిఎ1సి 5.8, తర్వాతి ఏడు 6.0, ఆ తర్వాత 6.2. మూడుసార్లూ ఆ అంకె పక్కన ఎర్ర రంగులో గుర్తు ఉంది. మూడుసార్లూ చూశాను, "ఇంకా బోర్డర్లోనే కదా" అనుకుని సొరుగు మూశాను. ల్యాబ్‌వాళ్లు ఫోన్ చెయ్యలేదు. హెచ్‌ఆర్ వాళ్లకు సంగతి తెలియదు (తెలియకూడదు కూడా, దాని గురించి కిందకొచ్చాక చెప్తాను). కంపెనీ నా మీద మూడుసార్లు డబ్బు ఖర్చు పెట్టింది. నా షుగర్ మాత్రం ఏడాదికో మెట్టు ఎక్కుతూ పోయింది.

నాలుగో ఏడు నన్ను వెల్‌నెస్ కమిటీలో వేశారు. అడ్మిన్‌లో ఉన్నవాడికి ఏ కమిటీ అయినా తప్పదు. కొటేషన్లు నా టేబుల్ మీదికి వచ్చాయి: ఎనభై ఐదు టెస్టుల ప్యాకేజీ ఒకరిది, నడక పోటీల యాప్ ఒకరిది, వారానికి రెండు రోజులు యోగా ఒకరిది, ఫోన్‌లో డైటీషియన్ ఒకరిది. అన్నింట్లోనూ నవ్వుతున్న మనుషుల ఫోటోలే. ఏది తీసుకుంటే నిజంగా షుగర్, బీపీ, గుండెజబ్బు రాకుండా ఆగుతాయో మాత్రం ఎవరూ రాయలేదు. ఓఎంఆర్‌లో ఐటీ కంపెనీల్లో, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీల్లో, అంబత్తూరు, గిండీ యూనిట్లలో ఇదే కుర్చీలో కూర్చున్న మనవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకు కొంత వెతుకులాట తప్పుతుందని ఇది రాస్తున్నాను.

ఈ ఊళ్లోనే తేలిన లెక్క

వెతుక్కుంటూ పోతే తెలిసిన మొదటి సంగతి, ఈ ప్రశ్నకు మంచి జవాబుల్లో కొన్ని చెన్నైలోనే పుట్టాయని. ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని ఇక్కడ ఒక పరిశోధన జరిగింది, ఫలితాలు 2006లో వచ్చాయి. షుగర్ జబ్బు ఇంకా రాలేదు గానీ గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూస్తే అంకె ఎక్కువగా ఉన్నవాళ్లను, అంటే మన భాషలో బోర్డర్‌లో ఉన్నవాళ్లను, 531 మందిని తీసుకున్నారు. ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకునే మధ్యతరగతి వాళ్లే. కొందరికి మామూలు సలహా ఇచ్చి వదిలేశారు. కొందరికి తిండి, నడక విషయంలో విడివిడిగా చెప్పి, మధ్యమధ్య ఫోన్ చేసి పలకరిస్తూ, ఆరు నెలలకోసారి పిలిపించి చూశారు. ఇంకొందరికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చారు, ఇంకొందరికి రెండూ.

మూడేళ్లలో ఊరికే వదిలేసిన గుంపులో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. వెంటపడి చెప్పిన గుంపులో 39 శాతం మందికి వచ్చింది. మాత్ర కూడా ఇంచుమించు అంతే పనిచేసింది, రెండూ కలిపి ఇస్తే అదనంగా ఒరిగిందేమీ లేదు. ఇంకో మాటలో చెప్పాలంటే, బోర్డర్‌లో ఉన్న ఆరేడుగురిని మూడేళ్లు పట్టించుకుంటే వాళ్లలో ఒకరికి జబ్బు తప్పింది. ఆఫీసు లెక్కలకు అలవాటుపడినవాళ్లకు ఇది చాలా చవక బేరం.

నాకు ఇందులో ఆశ్చర్యం అనిపించింది వేరే. ఆ గుంపులో బరువు పెద్దగా తగ్గలేదు. బరువు తగ్గకుండానే జబ్బు తగ్గింది. అందుకే ఎవరైనా "మా ప్రోగ్రామ్‌లో కిలోలు తగ్గించే పోటీ ఉంటుంది సార్" అంటే నేనిప్పుడు తొందరపడి తలూపను.

రెండో పరిశోధన ఇంకా మన పనికి దగ్గరగా ఉంటుంది. 2013లో అచ్చయింది. పరిశ్రమల్లో పనిచేసే మగవాళ్లను, బోర్డర్‌లో ఉన్నవాళ్లను, 537 మందిని తీసుకుని సగం మందికి సెల్‌ఫోన్‌కు మెసేజీలు పంపారు. ఇప్పటి యాపులు, గడియారాలు ఏమీ లేవు, ఉత్త ఎస్సెమ్మెస్. తినేదాని గురించి, నడక గురించి, ఆ మనిషి మార్పుకు ఎంతవరకు సిద్ధంగా ఉన్నాడో చూసి దానికి తగ్గట్టు. రెండేళ్లకు మెసేజీలు అందనివాళ్లలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది, అందినవాళ్లలో 18 శాతం మందికి.

ఇప్పుడు సముద్రం అవతలి లెక్క. అమెరికాలో ఒక పెద్ద టోకు దుకాణాల సంస్థలో 160 చోట్ల పనిచేసే 33 వేలమంది ఉద్యోగుల మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. కొన్ని దుకాణాల్లో మాత్రమే వెల్‌నెస్ ప్రోగ్రామ్ పెట్టి మిగతావాటితో పోల్చారు. ఏడాదిన్నర తర్వాత "నేను వ్యాయామం చేస్తున్నాను", "బరువు చూసుకుంటున్నాను" అని చెప్పినవాళ్లు పెరిగారు. బీపీ, కొలెస్ట్రాల్, బరువు మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉన్నాయి. సెలవులు తగ్గలేదు, వైద్యం ఖర్చు తగ్గలేదు.

మరి చెన్నైలో పనిచేసింది అక్కడ ఎందుకు పనిచెయ్యలేదు? నాకు తోచిన కారణం ఇది. అక్కడ అందరికీ కలిపి పాఠాలు చెప్పారు. ఇక్కడ ప్రమాదంలో ఉన్నవాళ్లను ముందు వెతికి పట్టుకుని, వాళ్ల వెంటే రెండు మూడేళ్లు ఉన్నారు. ఏ పథకాన్నైనా తూచడానికి ఆ తర్వాత నాకు ఒకటే ప్రశ్న మిగిలింది: రిపోర్టు వచ్చిన మర్నాడు ఏం జరుగుతుంది?

చెకప్ ప్యాకేజీ

ఎక్కువ కంపెనీలు మొదట కొనేది ఇదే. ఫోటోలు బాగా వస్తాయి, బిల్లు ఒక్కటే వస్తుంది, ఒక్కరోజులో పని అయిపోతుంది. పరీక్ష అక్కర్లేదని నేను అనడం లేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కోసం చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ముందుండి నడిపిన సర్వే 2023లో చెప్పినదాని ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, బోర్డర్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. పెద్దల్లో 35 శాతం మందికి పైగా బీపీ ఉంది. పరీక్ష లేకపోతే వీళ్లెవరో తెలిసే దారి లేదు. ఈ రోగాలేవీ మొదట్లో నొప్పి పెట్టవు మరి.

కానీ ఎనభై ఐదు టెస్టులు ఎందుకు? సంఖ్య పెంచడానికి లివర్ పరీక్షనే పది ముక్కలు చేసి లెక్కేస్తారు. ట్యూమర్ మార్కర్లని, క్యాన్సర్ ఆనవాళ్లు వెతికే రక్త పరీక్షలు కొన్ని కలుపుతారు. ఏ లక్షణమూ లేని మనిషికి వాటితో లాభం లేదు, అంకె కాస్త అటూ ఇటూ అయితే నెలరోజుల నిద్ర పోవడం తప్ప. దీర్ఘకాలిక జబ్బుల వరకు నిజంగా కావలసినవి కొన్నే: సరిగ్గా తీసిన బీపీ, నడుం చుట్టుకొలత, హెచ్‌బిఎ1సి, పరగడుపున ఒకసారి తిన్నాక ఒకసారి షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు. ఈ చివరివి ప్యాకేజీల్లో చాలాసార్లు ఉండవు. ఉన్నా క్యాంపులో చాటు లేక ఆడవాళ్లు చేయించుకోరు. వాటికి విడిగా ఆస్పత్రి కూపన్ ఇవ్వడమే మంచిది.

నడుం కొలత టేపుతో అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. మనవాళ్లకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతన్న లెక్క) కూడా మనకు 23 దాటగానే ఎక్కువ కిందికి వస్తుంది. చాలా యాపులు ఇంకా తెల్లవాళ్ల లెక్క 25 దగ్గరే ఆగిపోయి "మీరు భేష్" అంటాయి. హెచ్‌బిఎ1సి ఒక్కదాన్నే నమ్ముకోవడం కూడా తగదు. ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్నవాళ్లలో ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు. బీపీ విషయంలో క్యాంపులో జరిగేది చూస్తే నవ్వొస్తుంది. మెట్లెక్కి, కాఫీ తాగి, వరుసలో నిలబడి పక్కవాడితో వాదిస్తున్న మనిషి చేతికి పట్టీ చుట్టేస్తారు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చెయ్యి బల్లమీద పెట్టించి తీస్తే వచ్చే అంకె వేరు.

నా సలహా: ప్యాకేజీ సగానికి తగ్గించండి. మిగిలిన డబ్బుతో రిపోర్టు వచ్చాక ఎరుపు గుర్తు ఉన్న ప్రతి మనిషితో పదిహేను నిమిషాలు ఒక డాక్టరు మాట్లాడేలా, మూడు నెలలకు అవే పరీక్షలు మళ్లీ చేసేలా రాయించుకోండి. దీనికి ఒప్పుకోని ల్యాబ్ ధర ఎంత తక్కువైనా వద్దు.

యాపులు, అడుగుల పోటీలు

మా దగ్గర ఒక ఏడాది ఈ పోటీ పెట్టారు. మొదటి వారం అంతా లిఫ్టు వదిలేసి మెట్లెక్కారు. మూడో వారానికి ఫోన్లు కంపెనీ బస్సు కుదుపులకు అడుగులు లెక్కబెట్టడం నేర్చుకున్నాయి. ఒకాయన ఫోన్ సాయంత్రాలు ఆయన కొడుకు జేబులో క్రికెట్ ఆడి వచ్చేది. ఆఖరికి గెలిచింది ఎవరంటే, తిరువాన్మియూరు బీచ్‌లో రోజూ పొద్దున్నే పరిగెత్తే పాతికేళ్ల కుర్రాడు. వాడికి మా పోటీ అక్కర్లేదు. నడవాల్సిన యాభై ఏళ్లవాళ్లు మొదటి పట్టికలో తమ స్థానం చూసుకుని యాప్ తీసేశారు.

ఇది మా ఒక్కరి సంగతి కాదు. అమెరికాలోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగుల మీద చేసిన ఇంకో పెద్ద పరిశోధనలో, ఇలాంటి పథకాల్లో చేరేవాళ్లు మొదటినుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లేనని తేలింది. కాబట్టి వెండరు "మా యాప్ వాడేవాళ్లకు ఆస్పత్రి ఖర్చు తక్కువ" అని బొమ్మ గీసి చూపిస్తే, ఆ ఖర్చు యాప్ రాకముందు కూడా తక్కువే కదా అని అడగండి.

పదివేల అడుగులన్న అంకె కూడా ఏ డాక్టరూ పెట్టింది కాదు. 1960ల్లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, ఊపిరి కాస్త వేగంగా ఆడేంత నడక. చెన్నైలో అదైనా ఎప్పుడు? కత్తిరి వెయిల్ (మే నెల మండుటెండల) రోజుల్లో పన్నెండింటికి బయటికి వెళ్లమనడం పాపం. నవంబరులో సర్వీసు రోడ్డంతా నీళ్లు. కాబట్టి లంచ్ తర్వాత లోపలి వరండాలోనో, పార్కింగ్ నేలమాళిగలోనో పది నిమిషాల నడక, రోజుకు రెండుసార్లు. దానికి యాప్ అక్కర్లేదు. నలుగురు కలిస్తే చాలు, మేనేజరు ఆ పది నిమిషాల్లో మీటింగు పెట్టకుంటే చాలు.

యాప్ కొనాల్సే వస్తే, పోటీ ఉన్నది కాక మెసేజీ పంపేది చూడండి. తెలుగులో, తమిళంలో, హిందీలో పంపగలదా అని అడగండి. ఫ్యాక్టరీ అయితే ఒడియా కూడా. గ్రూపు ఇన్సూరెన్సుతో పాటు ఉచితంగా వచ్చే యాపుల గురించి చెప్పాల్సింది తక్కువ. ఉచితం కాబట్టి ఉంచండి, దాన్ని పథకం అనుకోకండి.

క్యాంటీన్

ఇది ఏ వెండరూ అమ్మడు, అందుకే కొటేషన్లలో కనబడదు. నా లెక్కలో మొదటి రూపాయి ఇక్కడే పెట్టాలి.

మధ్యాహ్నం మా క్యాంటీన్ కౌంటరు దగ్గర నిలబడి వారం రోజులు చూశాను. ప్లేటు చేతికి రాగానే పడేది అన్నం. పెద్ద గరిటెతో ఒకటి, అడక్కముందే ఇంకొకటి. ప్లేటు నిండాక దాని మీద సాంబారు. పక్కన అప్పడం. చివర్లో, జాగా అయిపోయాక, చిన్న చెంచాతో బీన్స్ పొరియల్ ఒక అంచుకి. తర్వాత రసంతో ఇంకో విడత అన్నం, పెరుగుతో మూడో విడత. మనవాళ్లం అయితే ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా తీసి అందరికీ పంచుతాం, అది వేరే సంగతి. ఐసీఎంఆర్ సర్వే తిండి లెక్కలు 2025లో వచ్చాయి. భారతీయులు తినే క్యాలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయట. మా కౌంటరు చూశాక అది తక్కువే అనిపించింది.

మేము చేసింది పెద్దదేమీ కాదు. వరుస తిప్పాం. మొదట పొరియల్, కూట్టు (పప్పు కలిపిన కూర), తర్వాత పప్పు లేదా గుడ్డు, ఆఖర్న అన్నం. అన్నం గరిటె చిన్నది చేశాం. ఇంకా కావాలంటే మళ్లీ వెళ్లి అడగొచ్చు, ఎవరూ వద్దనరు. కానీ మళ్లీ లేచి వెళ్లేవాళ్లు తక్కువ. మొదటి రెండు వారాలు తిట్లు బాగానే తిన్నాను. గుంటూరాయన ఒకరు "ఇది భోజనమా, ఆస్పత్రి పథ్యమా" అన్నారు. అప్పడం తీసేద్దామన్నప్పుడు మాత్రం తిరుగుబాటు వచ్చింది. వెనక్కి తగ్గాం, శుక్రవారం మాత్రం ఉంచాం.

అసలు అడ్డంకి తిండి దగ్గర లేదు, కాంట్రాక్టరు దగ్గర ఉంది. ప్లేటుకు ఇంత అని మాట్లాడుకుంటాం. ఆ ధరలో ఆయనకు మిగిలేది అన్నంలోనే. కూరగాయలు, గుడ్లు, సెనగలు పెరిగితే ఆయన నష్టపోతాడు, నీళ్ల కూట్టు పోస్తాడు. క్యాంటీన్ బడ్జెట్ ఒక పద్దు, వెల్‌నెస్ బడ్జెట్ ఇంకో పద్దు కావడం వల్ల ఈ చిక్కు ఎవరికీ కనబడదు. వెల్‌నెస్ డబ్బులో కొంత తీసి ప్లేటు ధరకు కలపండి, ఎన్ని గ్రాముల కూర పెట్టాలో కాంట్రాక్టులో రాయండి. ఫైనాన్స్ వాళ్లను ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది, యాప్ బిల్లుకు మాత్రం రెండు రోజులు పట్టింది.

సాయంత్రం నాలుగు గంటల బజ్జీ, వడ సంగతి. వాటిని తీసేసి ఓట్స్ బిస్కట్లు పెట్టిన కంపెనీల్లో జనం గేటు బయట టీ కొట్టుకు పోతారు. దీనికి చెన్నైలోనే మందు ఉంది: సుండల్. మనం గుగ్గిళ్లంటాం. మెరీనా బీచ్‌లో తినేది, నవరాత్రికి పంచేది. సెనగలు, బొబ్బర్లు, పచ్చి మామిడి తురుము, కొంచెం కొబ్బరి. దాన్ని బజ్జీ కన్నా తక్కువ ధరకు పెట్టండి. అంతే.

కాఫీ మెషీన్ కూడా ఒకసారి చూడండి. ప్రీమిక్స్ పొడిలో చక్కెర ముందే కలిసి ఉంటుంది, వద్దన్నా తగ్గించుకునే దారి లేదు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు కప్పులంటే దగ్గర దగ్గర 40 గ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. ఫిల్టర్ డికాక్షన్, పాలు విడిగా, చక్కెర పొట్లం విడిగా పెట్టే మెషీన్ అడగండి.

యోగా, జిమ్

తొందరగా చెప్పేస్తాను. రెండూ మంచివే, కానీ వచ్చేవాళ్లే వస్తారు. జిమ్ సభ్యత్వానికి కట్టిన డబ్బు మార్చికల్లా జిమ్ యజమాని లాభం. యోగా అయితే ఆఫీసు వేళల్లోనే పెడితే కొంతమంది వస్తారు, ఏడింటికి పెడితే ఓఎంఆర్ ట్రాఫిక్ చూసి ఎవరూ ఆగరు. కేంద్ర ఆయుష్ శాఖ వాళ్లది 'వై-బ్రేక్' అని కుర్చీ పక్కనే చేసుకునే అయిదు నిమిషాల యోగా ఉంది, ఉచితం. అది చాలు. టెన్షన్, నిద్రలేమి లాంటివాటికి టెలీ మానస్ 14416 నంబరు గోడమీద అతికించండి. పొగ మానాలనుకునేవాళ్లకు 1800-11-2356. ఈ రెండు నంబర్లకూ కంపెనీకి ఖర్చు లేదు. సిగరెట్ మానిపించడం ఈ మొత్తం జాబితాలో గుండెకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసే పని అయినా, వెల్‌నెస్ కొటేషన్లలో ఎక్కడా కనబడదు. ఎందుకంటే అది ఫోటోకు రాదు.

మనిషి వెంట ఉండే పథకం

ఆఫీసుకు నెలకు నాలుగుసార్లు వచ్చే డైటీషియనో, ఫోన్‌లో పలకరించే కోచో, ఫ్యాక్టరీలో ఉండే నర్సో, ఎవరైనా సరే. పైన చెప్పిన చెన్నై పరిశోధనలో పనిచేసింది ఇదే. అందరికీ పెట్టనక్కర్లేదు, ఎరుపు గుర్తు ఉన్నవాళ్లకు పెడితే చాలు. రెండు వందలమంది ఆఫీసులో అలాంటివాళ్లు ముప్ఫై, నలభై మంది తేలారనుకుందాం. రెండు వందలమందికి యాప్ కొనే డబ్బుతో ఆ నలభై మందికి ఏడాదంతా కోచ్ వస్తుందేమో లెక్క కట్టి చూడండి. మా దగ్గర వచ్చింది.

కోచ్ మన తిండి తెలిసినవారై ఉండాలి. క్వినోవా, అవకాడో అని మొదలుపెట్టినవారిని మేము మొదటి ఇంటర్వ్యూలోనే పంపించేశాం. ఇడ్లీ ఎన్ని తినొచ్చు, రాత్రి షిఫ్టులో రెండింటికి ఆకలేస్తే ఏం తినాలి, సంక్రాంతికి నెల్లూరు వెళ్తే అరిసెల సంగతేంటి, ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారు కావాలి. నాకు దొరికిన కోచ్ మొదటి ఫోన్‌లో అడిగింది ఒకటే, "రాత్రి భోజనం ఎన్నింటికి సార్?" పదిన్నరకు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ముందు దాన్ని తొమ్మిదికి తెద్దాం, మిగతావి తర్వాత" అంది.

మీ చోటును బట్టి

ఓఎంఆర్‌లో రెండు మూడు వందలమంది ఉన్న ఐటీ ఆఫీసు అయితే: చిన్న ప్యాకేజీ చెకప్, బోర్డర్‌లో ఉన్నవాళ్లకు కోచ్, క్యాంటీన్ మార్పు, అందరికీ మెసేజీలు. క్యాంటీన్ బిల్డింగు ఓనరుది అయితే, ఫుడ్ కోర్టుల్లో మీ మాట చెల్లదు. అప్పుడు క్యారేజీ తెచ్చుకునేవాళ్లకు మైక్రోవేవులు, కూర్చునే చోటు పెంచండి. ఇంటి క్యారేజీని మించిన వెల్‌నెస్ పథకం నేను చూడలేదు.

శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీలైతే ఇంకో మెట్టు ముందున్నట్టే. ఫ్యాక్టరీల చట్టం ఉన్న రోజుల్లోనే 250 మంది దాటితే క్యాంటీన్, 500 దాటితే అంబులెన్స్ గది (ప్రథమ చికిత్స గది) ఉండాలన్న నియమం ఉండేది కాబట్టి నర్సు, వంటశాల ముందే ఉన్నాయి. ఆ నర్సు ఇప్పుడు కట్లు కట్టడం, తలనొప్పి మాత్రలు ఇవ్వడంతో సరిపెడుతోంది. ఆమెకు ఒక మంచి బీపీ మెషీన్, ఒక రిజిస్టరు ఇచ్చి, బీపీ ఉన్నవాళ్లను నెలకోసారి పిలిచి చూడమనండి, మాత్రలు మానేసినవాళ్లను అడగమనండి. ఖర్చు దాదాపు సున్నా. బీపీ మాత్ర మధ్యలో ఆపేసినవాళ్లకే పక్షవాతం భయం ఎక్కువ. రాత్రి షిఫ్టు వాళ్లకు కూడా పగటివాళ్లకు పెట్టే తిండే పెట్టేయకుండా, అన్నం తగ్గించి గుడ్డు, సుండల్ పెంచడం చేయదగ్గ పని.

అంబత్తూరు, గిండీలో ముప్ఫై నలభై మందితో యూనిట్ నడిపే మన తెలుగు యజమానులు కొటేషన్లు పిలవనే వద్దు. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంటుంది. యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడుతూనే ఉన్నారు, ఓపీ మందులతో సహా అందులో వస్తాయి. వాడుకోకపోతే ఆ డబ్బు వృథా. నెలకో పూట సెలవిచ్చి డిస్పెన్సరీకి పంపండి, జీతం కోత లేకుండా. తమిళనాడు ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజల దగ్గరికే వైద్యం) కింద బీపీ, షుగర్ చూసి ఇంటికే మందులు తెచ్చిస్తున్నారు. 2024 నుంచి పని జరిగే చోట్లకే వచ్చి పరీక్ష చేసే ఏర్పాటూ మొదలైంది. దగ్గర్లోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడగండి. కొత్త కార్మిక చట్టాలు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాక 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏడాదికోసారి ఉచిత పరీక్ష చేయించడం యజమాని బాధ్యత అయింది కూడా. ఎలాగూ చేయించాలి, పనికొచ్చేలా చేయించండి.

టీ నగర్ బట్టల షాపుల్లాంటి చోట్ల కూర్చోవడమే వెల్‌నెస్. అమ్మకాలు చేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని తమిళనాడు 2021లో చట్టమే చేసింది. కుర్చీ, మంచినీళ్లు, బాత్రూముకు వెళ్లడానికి అడిగే పని లేకుండా ఉండటం, వేళకు భోజనం. ఇవి లేకుండా అడుగుల పోటీ పెడితే పన్నెండు గంటలు నిలబడ్డ పిల్ల ఏమనుకుంటుందో మీరే ఆలోచించండి.

సంతకం పెట్టేముందు

రిపోర్టులు ఎవరికి వెళ్తాయన్నది మొదట తేల్చుకోండి. ఒక ల్యాబ్ నాకు మా వాళ్లందరి పేర్లు, షుగర్ అంకెలతో ఎక్సెల్ షీటు మెయిల్ చేసింది. నేను అడగలేదు, వాళ్లకు అది సేవ. తెరిచిన పది సెకన్లలో నాకు తెలియకూడనివి నాలుగు తెలిసిపోయాయి. ఆ తర్వాత ఆ నలుగురితో మాట్లాడాలంటే ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు కాంట్రాక్టులో రాయిస్తున్నాం: మనిషి రిపోర్టు మనిషికే, కోచ్‌కు ఆ మనిషి ఒప్పుకుంటేనే, కంపెనీకి మొత్తం లెక్కలు మాత్రమే. డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది కాబట్టి ల్యాబ్‌వాళ్లు కూడా ఇప్పుడు వినక తప్పదు. ఈ నమ్మకం లేకపోతే మనవాళ్లు ప్రమోషన్ పోతుందేమో అన్న భయంతో పరీక్షకు ముందు వారం రోజులు అన్నం మానేసి వస్తారు. అలా వచ్చినవాళ్లను నాకు తెలుసు.

వెండరును ఇంకో ప్రశ్న కూడా అడగండి: మొదటి పరీక్షలో బోర్డర్‌లో ఉన్నవాళ్లలో ఎంతమందికి ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేశారు? ఎన్ని డౌన్‌లోడ్లు, ఎంతమంది హాజరు అని చెప్పి తప్పించుకుంటే మళ్లీ అదే అడగండి. నేను అడిగిన అయిదుగురిలో ఒక్కరే అంకె చెప్పారు, అదీ మర్నాడు ఫోన్ చేసి. వాళ్లకే పని ఇచ్చాం. ధరలో వాళ్లు మూడో స్థానంలో ఉన్నారు.

ఇక మీరు కమిటీలో లేరు, ఉత్త ఉద్యోగే అనుకోండి. కంపెనీ ఏం కొన్నా కొనకపోయినా, మీ సొంత డబ్బుతో చేయించుకున్న ముందస్తు పరీక్షకు పాత పన్ను విధానంలో ఆరోగ్య బీమా మినహాయింపు పరిమితిలోనే 5,000 దాకా చూపించుకోవచ్చు, నగదు కట్టినా సరే. గత మూడేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి ఒకే అంకెను వరుసగా చదవండి. విడివిడిగా చూస్తే ఏ ఏటికి ఆ ఏడు "పరవాలేదు" అనిపిస్తుంది. నా 5.8, 6.0, 6.2 ఒకే కాగితం మీద రాసుకున్న రోజునే నాకు భయం వేసింది. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఫైళ్లు మూడూ తీసుకెళ్లక్కర్లేదు, వాళ్లకు అంత తీరిక ఉండదు.